యూనివర్సల్ రిమోట్ టైమర్ ఆపాల్సిన టీవీని ఎందుకు ఆన్ చేస్తుంది?

హబ్ ఉన్న యూనివర్సల్ రిమోట్‌లో రాత్రి 11 గంటలకు టీవీ ఆగిపోవాలని టైమర్ పెడితే, ఆ వేళకు హబ్ ఒక ఇన్‌ఫ్రారెడ్ సంకేతం పంపుతుంది. చిక్కంతా ఆ సంకేతంలోనే ఉంది. చాలా టీవీ రిమోట్లలో ఆన్‌కీ, ఆఫ్‌కీ పవర్ సంకేతం ఒక్కటే. ఇంట్లో ఎవరో పదిన్నరకే టీవీ కట్టేసి పడుకుంటే, 11 గంటలకు అదే సంకేతం దాన్ని మళ్లీ ఆన్ చేస్తుంది. చీకటి గదిలో టీవీ ఒక్కసారిగా మోగితే పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. ఇన్‌ఫ్రారెడ్‌లో మాట ఒకవైపే వెళుతుంది. టీవీ నడుస్తోందో లేదో హబ్‌కు తిరిగి తెలియదు. రిమోట్ సెట్టింగ్స్‌లో పవర్ ఆఫ్‌కు విడి సంకేతం ఉంటే టైమర్‌కు దాన్నే ఎంచుకోవాలి. లేకపోతే టీవీలోని స్లీప్ టైమరే నయం.

ఏసీల తీరు వేరు. వాటి రిమోట్‌లో ఏ బటన్ నొక్కినా సాధారణంగా ఆన్ లేదా ఆఫ్, మోడ్, 26 డిగ్రీల వంటి ఉష్ణోగ్రత, ఫ్యాన్ వేగం అన్నీ కలిసి ఒకే సందేశంగా వెళతాయి. అందుకే తెల్లవారుజామున 4 గంటలకు ఆఫ్ పెడితే, అప్పటికే ఆగి ఉన్న ఏసీ మళ్లీ మొదలవదు.

టైమర్ల సంగతి అలా ఉంచితే, రిమోట్‌గా వాడే ఫోన్ తెరపై వేలిని పైకి జరిపితే వాల్యూమ్, పక్కకు జరిపితే ఛానల్: పొరపాటున తగిలినా నష్టం లేని ఇలాంటి పనులకే జెస్చర్లు పెట్టుకోవాలి. ఇన్‌పుట్ మార్చే పని అసలు పెట్టకూడదు. పొరపాటున ఇన్‌పుట్ మారి తెర ఖాళీ అయితే పెద్దవాళ్లు టీవీ పాడైందనే అనుకుంటారు.

హబ్‌ను చెక్క తలుపుల అల్మరాలో పెట్టి మూస్తే దాని ఇన్‌ఫ్రారెడ్ టైమర్లేవీ పనిచేయవు. ఇన్‌ఫ్రారెడ్ చెక్కను దాటలేదు.