‘ఫైల్ డిలీట్ చేయకండి’: స్పానిష్‌లో తయారీ

వర్తూరులో రాత్రి 8 అయితే మెక్సికో సిటీలో ఉదయం 8.30. ఇక్కడి తెలుగు ఇంజనీరు కాల్‌లో అక్కడి సహోద్యోగికి చెప్పాల్సిన మాట ఒకటుంది: ‘ఆ ఫైల్ డిలీట్ చేయకండి.’ పనిముట్లు ఒక నోటుబుక్కూ పెన్నూ.

ముందు ముడిసరుకు. స్పానిష్ క్రియలు నిఘంటువులో ఆర్, ఏర్, ఈర్ అనే మూడు తోకలతో ఉంటాయి. బొర్రార్ అంటే తుడిచేయడం, రెస్పోందేర్ అంటే జవాబివ్వడం, కొంపార్తీర్ అంటే పంచుకోవడం. మూడూ నియమం తప్పని క్రియలే.

తర్వాత ప్రతి క్రియనూ ‘నేను’ రూపంలోకి తెస్తారు: బొర్రో, రెస్పోందో, కొంపార్తో. చివరి ‘ఓ’ను కోసేస్తే మొద్దు మిగులుతుంది: బొర్ర్, రెస్పోంద్, కొంపార్త్.

అసలు నేర్పంతా అచ్చు మార్చడంలో ఉంది. ఆర్ క్రియకు ‘ఏ’, ఏర్, ఈర్ క్రియలకు ‘ఆ’ అతకాలి: బొర్రే, రెస్పోందా, కొంపార్తా. కొత్తవాళ్లు ‘డిలీట్ చెయ్’ అనే బొర్రాకే ముందు ‘నో’ తగిలించి ‘నో బొర్రా’ అనేస్తారు. తెలుగులో ‘చెయ్’ అలాగే ఉండి ‘వద్దు’ అనే అర్థం రాదు, ‘చేయకు’ కావాలి. ఇక్కడా అంతే, క్రియ రూపమే మారాలి.

ఇప్పుడు ఎదుటి మనిషిని బట్టి కొలత. ‘నువ్వు’ అనే చనువుంటే స్ చేరుతుంది: నో బొర్రేస్, నో రెస్పోందాస్. ‘మీరు’ అనే మర్యాదకు ఏమీ చేర్చరు: నో బొర్రే. పదిమందికి చెప్పేటప్పుడు న్: నో బొర్రేన్. స్పెయిన్‌లో స్నేహితుల గుంపుకు నో బొర్రేయిస్ అంటారు, మెక్సికోలో ఆ రూపం వాడరు.

‘దాన్ని’ అనే ‘లో’ స్థానం కూడా చూసుకోవాలి. ‘దాన్ని తుడిచేయండి’ అనేటప్పుడు క్రియ చివర అతుకుతుంది: బొర్రేలో. వద్దన్నప్పుడు క్రియకు ముందుకొస్తుంది: నో లో బొర్రే.

చివరిది అక్షరాల నునుపు. తొకార్ అంటే తాకడం. దీని రూపం నో తోకేస్. పలుకులో క అలాగే ఉండాలి, కానీ ‘ఏ’ ముందు సి అక్షరం క అని పలకదు, అందుకే సి బదులు క్యూ, యూ రాస్తారు. గార్‌తో ముగిసే క్రియల్లోనూ జి తర్వాత యూ చేర్చడానికి కారణం ఇదే.

గోడమీది బోర్డుకు ఇంత పని అక్కర్లేదు. ‘నో ఫుమార్’ అంటే పొగతాగరాదు, అక్కడ ముడి క్రియే సరిపోతుంది. కాల్‌లో అవతల మనిషి ఉన్నారు కనుక మర్యాద రూపం, దానికి దయచేసి అనే ముగింపు: ‘నో బొర్రే ఎల్ అర్చీవో, పోర్ ఫవోర్.’