బల్ల మీది బంతి

వేసవి సెలవులలో శిక్షణ శిబిరము జరుగుచున్న ఇండోర్ మందిరము ప్రక్కగా ఉదయమున నడచినచో, లోపలినుండి 'టక్కు, టక్కు' మను సవ్వడి ఎడతెగక వినవచ్చును. లోపల పదేండ్లు, పండ్రెండేండ్లు వయస్సుగల బాలబాలికలు నీలిరంగు బల్లలకు ఇరువైపుల నిలిచి, కోడిగ్రుడ్డుకంటె చిన్నదైన బంతిని ఇటునుండి అటు, అటునుండి ఇటు కొట్టుచుందురు. చూచువారికిది వట్టి ఆటగా తోచును. కాని ప్రక్కన నిలిచిన శిక్షకుని మాటలు వినినచో ఇదియు ఒక చదువేయని తెలియును. "మోకాళ్లు వంచుము, చూపు బంతిపై నిలుపుము, కొట్టినవెంటనే నీ చోటికి మరలి రమ్ము" అని ఆయన ఆ మూడు మాటలనే నూరుసార్లు చెప్పుచుండును.

టేబుల్ టెన్నిస్ పందొమ్మిదవ శతాబ్దము చివర ఇంగ్లండులో భోజనపు బల్లలపై కాలక్షేపమునకై పుట్టిన ఆట. 1926లో లండను నగరమున జరిగిన తొలి ప్రపంచ పోటీలలోనే భారత జట్టు పాల్గొనెను. 1952లో ఆ పోటీలు మన బొంబాయిలో జరిగెను. 1988లో సియోల్ ఒలింపిక్ క్రీడలయందు ఈ ఆటకు తొలిసారిగా స్థానము లభించెను. తొమ్మిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తుగల బల్ల. దాని నడుమ ఆరంగుళముల ఎత్తుగల వల. 40 మిల్లీమీటర్ల వ్యాసము, 2.7 గ్రాముల బరువుగల బంతి. చేతిలో రబ్బరు తొడిగిన బ్యాటు. పరికరములు ఇంతమాత్రమే.

బంతి తేలికయైనను ఆట తేలిక కాదు. బ్యాటు తాకిన తీరునుబట్టి బంతి ముందునకో, వెనుకకో, ప్రక్కకో సుడి తిరుగును. బల్లను తాకిన పిమ్మట అది ఎటు మలగునో రెప్పపాటులో గ్రహింపవలెను. అంత తక్కువ వ్యవధిలో ఆలోచించి కొట్టుట ఎవరికిని సాధ్యము కాదు. కావున ఆ నేర్పు చేతికే అలవడవలెను. ఇందులకై శిక్షకుడు బుట్టెడు బంతులను దగ్గర నుంచుకొని, ఒకదాని వెంట ఒకటిగా వేగముగా పంపుచుండగా విద్యార్థి వానినన్నిటిని తిరిగి కొట్టును. ఒక్కొక్కప్పుడు బంతియే లేకుండ గాలిలో బ్యాటు త్రిప్పుచు అడుగులు వేయుటను అభ్యసింతురు.

కబడ్డీకి మెత్తని నేల చాలును. పరుగునకు బాట చాలును. ఈ ఆటకో గాలి కొట్టని మందిరము, చదునైన నేల, చక్కని వెలుతురు, మంచి బల్ల, అన్నిటికంటె ముఖ్యముగా నేర్పరియైన శిక్షకుడు కావలెను. నిత్యము ఆడువారి బ్యాటు రబ్బరు కొద్ది మాసములకే పట్టు సడలును. రెండెకరముల వేరుసెనగ చేనిపై బ్రతుకు కుటుంబము ఇవన్నియు సమకూర్చగలదా? అందుచేతనే ఈ బాధ్యత ప్రభుత్వముపై పడినది.

స్వాతంత్ర్యము వచ్చిన తొలినాళ్లలో ప్రభుత్వ శిక్షణ ఇంకను మొలకదశలోనే యుండెను. ఆ కాలముననే హైదరాబాదు యువతి సయీద్ సుల్తానా 1949 నుండి 1954 వరకు వరుసగా ఆరుసార్లు జాతీయ మహిళా విజేతయై నిలిచెను. అట్టి ప్రతిభ ఊరూర ఉండవచ్చును. వెదకి తీర్చిదిద్దువారు కావలెను. ఆ ఉద్దేశముతో 1953లో, నాటి కేంద్రమంత్రి రాజకుమారి అమృతకౌర్ పేరిట ఒక శిక్షణ పథకము వెలసెను. 1961లో పాటియాలాలో జాతీయ క్రీడా సంస్థ ఏర్పడి, శిక్షకులకే శిక్షణ నీయ నారంభించెను. 1984లో భారత క్రీడా ప్రాధికార సంస్థ నెలకొనెను. మన రాయలసీమలో కడపయందు క్రీడా పాఠశాల కలదు. అందు ఎంపికైన పిల్లలకు వసతి, భోజనము, చదువు, వివిధ క్రీడలలో శిక్షణ ఒక్కచోటనే లభించును.

తెలుగువారిలో ఈ ఆటయందు కీర్తి గడించినవారి కథలు గమనింపదగినవి. ఆచంట శరత్ కమల్ 1982లో రాజమహేంద్రవరమున జన్మించి చెన్నైలో పెరిగెను. తండ్రి శ్రీనివాసరావు శిక్షకుడగుటచే బాల్యమునందే బల్ల చెంత నిలువగలిగెను. 2006లో మెల్‌బోర్న్‌లోను, 2022లో బర్మింగ్‌హామ్‌లోను కామన్వెల్త్ క్రీడల సింగిల్స్ స్వర్ణము గెలుచుకొనెను. పదిసార్లు జాతీయ విజేతయయ్యెను. హైదరాబాదు బాలిక ఆకుల శ్రీజ తన అక్క ఆడుట చూచి బ్యాటు పట్టెను. బర్మింగ్‌హామ్‌లో శరత్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణము సాధించెను. 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలో చివరి పదునార్గురిలో ఒకరిగా నిలిచెను.

ఒకరికి ఇంటనే గురువుండెను. మరియొకరికి మహానగరము అండగా నుండెను. ఇంట గురువు లేక, నగరము దూరమైన కుప్పము బాలికకు, పుంగనూరు బాలునకు దిక్కెవ్వరు? ప్రభుత్వ శిక్షణ అక్కరకు రావలసినది ఇచ్చటనే.

మన జిల్లాలలో వేసవి శిబిరములు జరుగుట మంచిదే. తిరుపతిలో శ్రీ శ్రీనివాస క్రీడా సముదాయము వంటి వసతి యుండుటయు మంచిదే. కాని మన సీమ రైతు ఎరిగిన సత్యమొకటి కలదు. విత్తిననాటి వాన మొలక నిచ్చును. ఊడలు దిగునప్పటి వానయే కాయ నిచ్చును. నెలదినముల శిబిరము విత్తనపు వాన వంటిది. బడులు తెరచిన పిమ్మట మందిరమునకు తాళము పడినచో, మేనెలలో నేర్చిన అడుగులను పిల్లవాడు దసరాకే మరచిపోవును. చైనా దేశమున బడి ముగిసిన పిమ్మట పిల్లలకు శిక్షణ నిచ్చు క్రీడా పాఠశాలలు 1950వ దశకము నుండి సాగుచున్నవి. ఈ ఆటలో నేటికిని ఆ దేశము అగ్రస్థానమున నుండుటకు ఈ ఎడతెగని సాధనయే ముఖ్యకారణము. మనకును ఏడాది పొడవున తెరచియుండు మందిరము, నిలుకడగా నుండు శిక్షకుడు కావలెను.

విద్యార్థులారా! మీ వయస్సువారికి పాఠశాల క్రీడలలో మండలము నుండి జిల్లాకు, జిల్లా నుండి రాష్ట్రమునకు, అటుపై జాతీయ పోటీలకు మెట్లు కలవు. ప్రభుత్వము బల్ల నీయగలదు, గురువును పంపగలదు. మణికట్టునకు నేర్పు మాత్రము మీరే సంపాదించుకొనవలెను. ఆ బల్ల ప్రజల సొమ్ము. మీ తరువాత ఆడవలసిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారని తలచి దానిని జాగ్రత్తగా వాడవలెను.

ఈ ఆటలో ఒక చక్కని ఆచారము కలదు. కొట్టిన బంతి వలయంచును తాకి, అదృష్టవశమున అవతల పడి పాయింటు దక్కినచో, ఆ ఆటగాడు చేయెత్తి ఎదుటివానికి క్షమాపణము సూచించును. తన నేర్పుచే రాని గెలుపును తనదిగా చెప్పుకొనుటకు అతడు సిగ్గుపడును. శిక్షకుడు నేర్పు పాఠములన్నిటిలోను ఇదియే పెద్దది. పోటీలలో గెలిచినను, గెలువకున్నను ఈ పాఠము మీ వెంట జీవితాంతము నిలుచును.