ముందు గోడ చూడు, తర్వాత రాయి

గుడియాత్తం

అమ్మడూ,

ఇక్కడ గంగమ్మ శిరసు పండగ దగ్గర పడింది, వీధంతా ఇళ్లకి సున్నాలు వేస్తున్నారు. వేలూరు ఎండలో గొడుగు లేకుండా తిరుగుతున్నావట, మీ అమ్మ ఒకటే గొడవ. కాస్త చూసుకో తల్లీ.

చెన్నై ఇందిరా నగర్ రైల్వే స్టేషన్ గోడ బొమ్మ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష ముచ్చటగా ఉంది. కానీ ఫోన్లో ఫొటో చూసి రాశావు కదూ? సమానత్వం, మానవత్వం అంటూ పేజీలు నింపావు, రంగు గురించి ఒక్క ముక్క లేదు. కోప్పడుతున్నానని అనుకోకు. నీకు చూసే కన్నుంది కాబట్టే అడుగుతున్నా.

మీ తాత అగ్గిపెట్టెల ప్రకటనలు గోడల మీద వేసేవాడు. ముందు గోడని అరచేత్తో తడిమి చూసేవాడు. చెమ్మ తగిలితే ఆ రోజు రంగు డబ్బా మూతే తీసేవాడు కాదు. ఆరిన గోడ మీద నీలిమందు అద్దిన దారం లాగిపట్టి కొట్టి గళ్లు వేసేవాడు. రెండో కొస నేను పట్టుకునేవాణ్ణి. కాగితం మీద అంగుళం గడి, గోడ మీద అడుగు. పరంజా మీదున్నవాడికి ముక్కు కనిపిస్తుంది గానీ ముఖం కనిపించదు. అందుకే మాటిమాటికీ దిగి, రోడ్డు దాటి వెళ్లి చూసుకొచ్చేవాడు.

నువ్వూ అలాగే చూడాలి. ఏ-కిల్, ఖత్రా అనే చిత్రకారులు 2021లో వేసిన ఆ బొమ్మ పేరు 'వుయ్ ఆర్'. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లని వెలివేసినట్టు చూడొద్దని వేసింది. ముందు రోడ్డవతల నుంచి చూడు. అన్నీ పెద్ద పెద్ద ముఖాలే. ఎవరికి జబ్బుందో, ఎవరికి లేదో ముఖం చూసి చెప్పలేవు. నువ్వు రాసిన సమానత్వం అక్కడుంది.

తర్వాత దగ్గరికెళ్లు. స్ప్రే డబ్బా గోడకి దగ్గరగా పెడితే గీత సన్నగా, పదునుగా పడుతుంది. దూరం జరిపితే రంగు పొగలా పరుచుకుంటుంది. చెంప మీద వెలుగు నీడలోకి ఎక్కడ కరిగిందో, కనురెప్ప అంచు ఎక్కడ పదునుగా ఆగిందో చూడు. కంటిపాపలో తెల్లచుక్క ఏ పక్కనుంటే వెలుగు ఆ పక్కనుంచే వస్తున్నట్టు. ముక్కు నీడ దానికి సరిపోయిందా? కిటికీ, గొట్టం అడ్డొచ్చిన చోట ఏం చేశారు? ఎండకి ఏ రంగు వెలిసింది, ఎక్కడ పెచ్చులూడింది? ఇవన్నీ రాసుకో.

ఆదివారం కాట్పాడిలో పొద్దున్నే బండెక్కు. ఒక్కదానివే వెళ్లొద్దు, స్నేహితురాలిని తీసుకెళ్లు. చేరగానే ఫోన్ చెయ్యి, మీ అమ్మకి నేను సర్దిచెబుతాను.

ఈసారి ఎలా వేశారో ముందు రాయి. ఎందుకు వేశారన్నది ఆ వెనకే వచ్చేస్తుంది, నువ్వు బరువైన మాటలు వెతుక్కోనక్కర్లేదు. రాశాక మొదట నాకే పంపు.

మీ మామయ్య