చెరసాలలో పాట, తెల్లవారి మాట
(క్రైస్తవ విశ్వాసంలో ఆనందానికి అర్థం)



మన హాస్టల్‌లో ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు, వెళ్ళనివాళ్ళూ ఉన్నారు. ఈ వ్యాసం ఇద్దరి కోసం. విశ్వాసి ఎప్పుడూ ఆనందించాలని మేము చిన్నప్పటి నుండి వింటూనే ఉన్నాం. నిజం చెప్పాలంటే ఆ మాట వింటే మాకు కోపం వచ్చేది. స్కాలర్‌షిప్ రాక పరీక్ష ఫీజు కట్టలేని రోజున కూడా ఆనందించాలా? కష్టాన్ని పైకి చెప్పకుండా సర్దుకుపోవడమేనా ఆనందమంటే? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ బైబిలులోని ఫిలిప్పీ పత్రికను చదివాం. తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాం.

మాటలో ఏముంది?

కొత్త నిబంధనను గ్రీకు భాషలో రాశారు. అందులో ఆనందాన్ని 'ఖరా' అంటారు. కృపను 'ఖారిస్' అంటారు. రెండూ ఒకే ధాతువు నుండి పుట్టిన మాటలు. అంటే ఈ ఆనందం కష్టపడినందుకు ఇచ్చే కూలి కాదు. ఉచితంగా దొరికిన కృపకు మనసు ఇచ్చే జవాబు.

సంతోషం వేరు, ఆనందం వేరు అని కొందరు బోధకులు చెబుతారు. కానీ తెలుగు బైబిలులో గలతీ 5:22లో 'సంతోషము' అని, ఫిలిప్పీ 4:4లో 'ఆనందించుడి' అని ఉంది. గ్రీకులో ఈ రెండు చోట్లా ఉన్నది ఒకే ధాతువు. కాబట్టి తేడా మాటలో లేదు, అది ఎక్కడి నుండి వస్తుందన్న దానిలో ఉంది. మార్కులు వస్తే కలిగేది మార్కులతోనే పోతుంది. గలతీ పత్రికలో ఆత్మ ఫలం వర్ణనలో తొమ్మిది గుణాలు చెప్పి, ప్రేమ తరువాత రెండో స్థానం ఆనందానికి ఇచ్చారు. ఫలం ఒక్కరోజులో కాయదు.

ఏడుపు దాచని ఉత్తరం

ఫిలిప్పీ పత్రిక చిన్నది. 4 అధ్యాయాలు, 104 వచనాలు. అందులో ఆనందానికి సంబంధించిన మాటలు 16 సార్లు వస్తాయి. విచిత్రమేమిటంటే దాన్ని పౌలు చెరలో ఉండి రాశాడు. రోమా నగరం నుండి రాశాడని సంప్రదాయం. ఎఫెసు నుండి లేదా కైసరయ నుండి అని చెప్పే పండితులు కూడా ఉన్నారు. బ్రతుకుతాడో, మరణశిక్ష పడుతుందో తెలియని పరిస్థితి.

అయినా ఆ ఉత్తరంలో అతడు దుఃఖాన్ని దాచలేదు. ఫిలిప్పీ సంఘం పంపిన సహాయాన్ని తెచ్చిన ఎపఫ్రొదితు జబ్బుపడి చావు దాకా వెళ్ళాడని, అతడు చనిపోయి ఉంటే తనకు దుఃఖం మీద దుఃఖం అయ్యేదని రాశాడు. ఇంకొక చోట ఏడుస్తూనే చెబుతున్నానన్నాడు. లేమిలోనూ కలిమిలోనూ తృప్తిగా ఉండడం తాను 'నేర్చుకున్నాను' అన్నాడు. అంటే అది పుట్టుకతో వచ్చే గుణం కాదు, అందరూ నేర్చుకోదగిన పాఠం.

ఆ రాత్రి, ఆ ఉదయం

ఈ పాఠం పౌలు ఎక్కడ నేర్చుకున్నాడో అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చూపిస్తుంది. ఫిలిప్పీ మాసిదోనియలోని పట్టణం, రోమీయుల వలస నగరం. ఇప్పుడది గ్రీసు దేశంలో శిథిలాలుగా ఉంది. 2016లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

అక్కడ ఒక బానిస పిల్ల సోదె చెప్పి యజమానులకు డబ్బు సంపాదించి పెట్టేది. పౌలు ఆమెను పట్టిన ఆత్మను వెళ్ళగొట్టాడు. యజమానుల రాబడి పోయింది. వాళ్ళు పౌలును, సీలను అధికారుల దగ్గరకు ఈడ్చుకుపోయారు. విచారణ లేదు. బట్టలు ఊడదీసి బెత్తాలతో కొట్టించి, లోపలి చెరసాలలో కాళ్ళకు బొండ వేశారు. అర్ధరాత్రి ఆ ఇద్దరూ ప్రార్థిస్తూ పాడుతుంటే మిగతా ఖైదీలు విన్నారు. భూకంపం వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి. ఖైదీలు పారిపోయారనుకుని చెరసాల నాయకుడు కత్తి దూసి చావబోతే, పౌలు కేకవేసి ఆపాడు. ఆ నాయకుడే వాళ్ళ గాయాలు కడిగి, ఇంట్లో అన్నం పెట్టి, ఇంటివారందరితో ఆనందించాడు.

చాలా ప్రసంగాలు ఇక్కడితో ఆగిపోతాయి. కానీ కథ ఆగలేదు. తెల్లవారి న్యాయాధిపతులు వాళ్ళను వెళ్ళిపొమ్మని కబురు పంపారు. పౌలు వెళ్ళలేదు. రోమా పౌరులమైన మమ్మల్ని విచారణ లేకుండా బహిరంగంగా కొట్టి, ఇప్పుడు రహస్యంగా పంపిస్తారా, వాళ్ళే వచ్చి తీసుకుపోవాలి అన్నాడు. పౌరుణ్ణి అలా కొట్టడం రోమా చట్టానికి విరుద్ధం. న్యాయాధిపతులు భయపడి స్వయంగా వచ్చి బ్రతిమాలుకున్నారు.

రాత్రి పాడిన నోరే ఉదయం హక్కు అడిగింది. మా కోపానికి జవాబు ఇక్కడ దొరికింది. క్రైస్తవ ఆనందం అన్యాయానికి తల వంచడం కాదు. అన్యాయం మన లోపలి మనిషిని విరగ్గొట్టకుండా కాపాడేది. విరగని మనిషే తెల్లవారి నిలబడి అడగగలడు.

అందరూ ఉంటేనే పండుగ

ఒక్క విషయం మమ్మల్ని ఇంకా బాధపెడుతుంది. పౌలుకు పౌరసత్వం ఉంది కాబట్టి అడగగలిగాడు. ఆ బానిస పిల్లకు లేదు. తరువాత ఆమె ఏమైందో బైబిలు చెప్పదు. అయితే ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయం పండుగ రోజున ఎవరెవరు సంతోషించాలో పేరుపేరునా చెబుతుంది. కొడుకు, కూతురుతో పాటు దాసుడు, దాసి, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు. వీళ్ళు లేని పంక్తిలో ఆనందం పూర్తికాదని దాని భావం.

మన ఇళ్ళలో మొదటిసారి డిగ్రీ పట్టా చూసినవాళ్ళం చాలామందిమి ఉన్నాం. 1950 జనవరి 26 నుండి అమలులో ఉన్న రాజ్యాంగం మనందరికీ పౌరసత్వపు హక్కులిచ్చింది. ఆ హక్కు పేరు చెప్పి దరఖాస్తు రాయడం మనకు వచ్చు. మన వాడలో రానివాళ్ళు ఇంకా ఉన్నారు.

కాబట్టి తమ్ముళ్ళారా, కష్టంలో పాట మానకండి. తెల్లవారాక అడగడం మానకండి. అడిగేటప్పుడు అడగలేనివాళ్ళ పేరు కూడా కలిపి అడగండి. అప్పుడే మన ఆనందం సంపూర్ణమవుతుందని మేము నమ్ముతున్నాం.