వీలునామాలో ఒక వాటా క్యాన్సర్ పరిశోధనకు

సొంతంగా సంపాదించిన ఆస్తిని ఏ మంచి పనికైనా రాసివ్వొచ్చు బిడ్డా. కొడుకులూ కూతుళ్లూ ఒప్పుకోవాలన్న నియమం లేదు. కాబట్టి నీ చేత వీలునామా రాయిస్తున్న ఆ సిద్దిపేట పెద్దాయన వారసులు అడ్డం పడతారన్న నీ భయం సగమే నిజం. పిత్రార్జితమైతే తన వాటా వరకే రాయగలడు. హిందువులకు ఆ వీలు 1956 నాటి వారసత్వ చట్టం 30వ సెక్షన్ ఇచ్చింది. ముస్లింలు మాత్రం అప్పులు, అంత్యక్రియల ఖర్చు పోను మిగిలినదాంట్లో మూడో వంతుకు మించి రాస్తే వారసుల సమ్మతి కావాలి. క్రైస్తవులకు ఒకప్పుడు పెద్ద చిక్కే ఉండేది. దగ్గరి బంధువులున్నవాళ్లు ధర్మానికి రాసిన వీలునామా, చనిపోవడానికి కనీసం 12 నెలల ముందు రాసినదై ఉండాలని 1925 నాటి భారత వారసత్వ చట్టం 118వ సెక్షన్ అనేది. జాన్ వల్లమట్టం కేసులో సుప్రీంకోర్టు 2003లో దాన్ని కొట్టేసింది.

సంతకాల సంగతి నీకు తెలిసిందే. సాక్షులుగా మాత్రం పెద్దాయన ఈడు స్నేహితులను పెట్టకూడదు. రేపు తగాదా వస్తే కోర్టుకొచ్చి చెప్పడానికి ఒక్క సాక్షయినా బతికి ఉండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు డ్యూటీ అసలే లేదు. అయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించడమే మేలు.

అసలు పొరపాటు నువ్వు రాసిన ముసాయిదా మూడో పేరాలో ఉంది. ‘హైదరాబాదు క్యాన్సర్ ఆసుపత్రికి’ అని రాసి ఊరుకుంటే ఎట్లా? ఇంత చదివి ఇదేం రాత? సిద్దిపేటలో ఆ మాట అంటే ఒకరికి రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే, మరొకరికి బంజారాహిల్స్‌లోని బసవతారకం. మొదటిది మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద నడుస్తున్న సర్కారు సంస్థ. రెండోది 2000లో మొదలైన ట్రస్టు ఆసుపత్రి. ఏది అన్నది కోర్టు తేల్చేసరికి ఏళ్లు గడుస్తాయి. పైగా ఉత్తగా ఆసుపత్రికి అని రాస్తే, ఆ సొమ్ము మంచాలకు ఖర్చు పెట్టినా ఎవరూ తప్పు పట్టలేరు. పరిశోధనకే చెందాలంటే ఆ మాట కాగితం మీద ఉండాలి.

అట్లాగని మరీ బిగించి రాయడమూ మంచిది కాదు. కోరంగి వైపు నుంచి రంగూన్ వెళ్లి వ్యాపారంలో గడించిన మల్లాడి సత్యలింగం నాయకర్ తన ఆస్తిని వీలునామా ద్వారా విద్యకూ ధర్మకార్యాలకూ వదిలాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920లలో బోస్టన్‌కు చదువుకు పోవడానికి, మామగారు కూడగట్టిన డబ్బుకు తోడు, కాకినాడలోని ఆ ధర్మసంస్థ ఇచ్చిన హామీ అండ అయింది. తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు నడిపించిన పరిశోధన నుంచే అమినోప్టెరిన్ పుట్టింది. సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో కొంతకాలం జబ్బు తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించాడు. దానికి దగ్గరి మందే మెథోట్రెక్సేట్. ఇవాళ్టికీ వాడుకలో ఉంది. నాయకర్ క్యాన్సర్ మందును తలచుకుని ఆస్తి రాయలేదు. విశాలంగా రాశాడు గనుకే ఆ అండ సుబ్బారావు దాకా వచ్చింది. దొరాబ్జీ టాటా భార్య మెహర్‌బాయి 1931లో రక్త క్యాన్సర్‌తో పోయాక ఆమె పేరిట 1932లో పెట్టిన ట్రస్టుదీ ఇదే తీరు. జబ్బు పేరు చెప్పారు గానీ ఒక్క ప్రయోగశాలకు కట్టేయలేదు. దేశవిదేశాల పరిశోధకులకు ఆ సాయం అందింది.

విశాలం వేరు, అస్పష్టం వేరు. ఉత్త ‘ధర్మానికి’ అని రాస్తే చెల్లదని ప్రివీ కౌన్సిల్ 1899లోనే తేల్చింది. కాబట్టి రాత ఇట్లా ఉండాలి: ‘నా తదనంతరం నా బ్యాంకు డిపాజిట్లలో నాలుగో వంతు ఫలానా సంస్థకు క్యాన్సర్ పరిశోధన నిమిత్తం చెందవలెను. నాటికి సదరు సంస్థ లేకున్నా, పరిశోధన మానుకున్నా, అదే పని చేయు మరొక ధర్మసంస్థను నా ఎగ్జిక్యూటరు ఎంచి ఇవ్వవలెను.’ ఇన్ని లక్షలు అని కాకుండా వంతు రాస్తే, ఆస్తి పెరిగినా తరిగినా పిల్లల వాటా దెబ్బతినదు.

భూమి ఇవ్వదలిస్తే, దాన్ని అమ్మి సొమ్ము అప్పగించాలని ఎగ్జిక్యూటరుకు అధికారం రాయడం మంచిది. సిద్దిపేట పొలం సాగు చేయించడం హైదరాబాదు సంస్థ వల్ల అయ్యే పని కాదు. సర్వే నంబరు, విస్తీర్ణం పాసుబుక్కులో ఉన్నట్టే ఉండాలి. బ్యాంకులో నామినీ పెద్ద కొడుకే గదా అన్న అనుమానం వద్దు. నామినీ డబ్బు తీసుకుంటాడు గానీ సొంతదారు కాడు. వీలునామా ప్రకారం చెందాల్సినవాళ్లకు అప్పగించాల్సిందే.

ముందు ఆ సంస్థ రిజిస్టరైన పూర్తి పేరూ చిరునామా రాతపూర్వకంగా తెప్పించు. పెద్దాయన ఉద్దేశం పిల్లలకు ఆయన నోటితోనే చెప్పించు. సంతకాలు ఆ తర్వాతే.