విసుగు గొలుపు ఉద్యోగము: విడుచుటయా, నిలుచుటయా?

పని మితిమీరినచో మనుష్యులు జబ్బుపడుదురన్న సంగతి అందరికిని తెలిసినదే. చేయుటకు తగినంత పని లేకపోవుటచేత, లేదా ఒకే పనిని ఏండ్ల తరబడి చేయవలసి వచ్చుటచేత గూడ ఆరోగ్యము చెడవచ్చునన్న మాటను మాత్రము పలువురు నవ్వి త్రోసివేయుదురు. “నెల తిరుగునప్పటికి జీతము చేతబడుచున్నది గదా, కూర్చుండి చేయు పనికి కష్టమేమి?” అని ఇంటి పెద్దలు అడుగుదురు. ఈ ప్రశ్నలో న్యాయము లేకపోలేదు. అయినను దానికి సమాధానము జీతపు కాగితమునందు మాత్రమే దొరకదు.

ఒక దృష్టాంతమును ఊహింతము. గోదావరి ప్రాంతమునకు చెందిన ముప్పది రెండేండ్ల యువకుడొకడు గుజరాతులోని ఒక చమురు శుద్ధి కర్మాగారమున, నియంత్రణ గదిలో, మూడేండ్ల ఒప్పందముపై పనిచేయుచున్నాడు. స్వస్థలమున లభింపగల జీతమునకు రెండింతలు అతనికి ముట్టుచున్నది. ఎనిమిది గంటల షిఫ్టులో అతని విధి తెరలపై కదలు అంకెలను కనిపెట్టుచుండుట. అంకె హద్దు దాటినచో గంట మ్రోగును. నెలల తరబడి అది మ్రోగదు. ఒప్పందము ముగియుటకు నాలుగు మాసములున్నవనగా, మరల మూడేండ్లకు సంతకము చేయవలసినదని కంపెనీవారు కాగితము పంపిరి. అతనికి నిద్ర సరిగా పట్టుటలేదు. ఇంటికి ఫోను చేయుట గూడ తగ్గినది. అయితే తల్లికి మూత్రపిండముల జబ్బు. ఆమె చికిత్స కంపెనీ తీసిన సామూహిక ఆరోగ్య బీమాపై నడచుచున్నది.

అతని స్థితిని సోమరితనముగా భావించుట పొరపాటు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున రాడారు తెరలను కనిపెట్టి యుండు సైనికులు కొంత సేపటికి శత్రువుల గుర్తులను గమనింపలేక పోవుచుండిరి. దీనికి కారణమరయుటకై నార్మన్ మాక్‌వర్త్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞుడు ఒక గడియారమును సిద్ధము చేసెను. దాని ముల్లు క్రమముగా ఒక్కొక్క అడుగు కదలును. ఎప్పుడో ఒకసారి రెండడుగులు దుముకును. ఆ దుముకును పట్టుకొనుటయే పరీక్ష. మొదటి అర్ధగంట గడచునప్పటికే మనుష్యుని చురుకుదనము స్పష్టముగా తగ్గుచున్నదని 1948లో ఆయన ప్రకటించెను. ఏమియు జరుగని చోట ఎడతెగక మేలుకొని యుండుట మనస్సునకు విశ్రాంతి గాదు, శ్రమయే. కాబట్టి ఇట్టి పనిచేయువాడు సాయంకాలమునకు అలసి ఇల్లు చేరుటలో వింత లేదు.

లండను నగరమున ప్రభుత్వోద్యోగులు 10,308 మందిని 1985 నుండి పరిశీలించుచు వచ్చిన వైట్‌హాల్ పరిశోధనలో మరియొక సంగతి బయటపడినది. తమ పనిని ఎట్లు చేయవలెనో నిర్ణయించుకొను అధికారము తక్కువగా నున్నవారియందు గుండెజబ్బులు ఎక్కువగా కనబడినవి. విసుగే గుండెజబ్బునకు కారణమని దీని అర్థము కాదు. పనిపై మనుష్యునకు గల పట్టునకును, ఆరోగ్యమునకును సంబంధము కలదని మాత్రము గ్రహింపవలెను.

ఇంతమాత్రమున రాజీనామా వ్రాయుట వైద్యమగునా? ఆస్ట్రియాలో వియన్నాకు సమీపమున మారియెన్‌తాల్ అను గ్రామము కలదు. ఊరివారికందరకు ఆధారమైన అచటి నూలు మిల్లు 1930 నాటికి మూతపడినది. 1933లో వెలువడిన పరిశోధన ఆ ఊరి స్థితిని వర్ణించినది. తీరిక దొరికినది గనుక జనులు గ్రంథాలయమునకు ఎక్కువగా పోయియుందురని ఎవరైనను తలంతురు. జరిగినది తద్విరుద్ధము. పుస్తకములకు రుసుము తీసివేసినను చదువరులు తగ్గిరి. పురుషులు వీధులలో మెల్లగా నడచుచు, ఆగుచు, ప్రొద్దు పుచ్చిరి. దినమంతయు ఏమి చేసిరని అడిగినచో చెప్పలేకపోయిరి. నీరసమైన ఉద్యోగమైనను దినమునకొక చట్రమును, నలుగురితో కలయికను ఇచ్చుచుండును. ఏ ఏర్పాటును లేక దానిని విడిచినవానికి ఈ రెండును ఒక్కసారిగా పోవును.

కనుక ముందుగా తేల్చుకొనవలసినది, బాధ పనిలో నున్నదా, మనిషిలో నున్నదా అనునది. సెలవు దినములలో ఉత్సాహము తిరిగి వచ్చుచు, ఆకలి, నిద్ర కుదుటబడుచున్నచో, పనియే కారణమని చాలవరకు భావింపవచ్చును. సెలవులోను, పండుగనాడును, మిత్రులయెదుటను గూడ దేనియందును ఆసక్తి లేక, మనోదిగులు రెండు వారములకు మించి దాదాపు ప్రతిదినమును నిలిచియున్నచో అది విసుగు కాకపోవచ్చును; వైద్యునికి చూపించుకొనవలెను. అట్టి దిగులుతో నున్నప్పుడు ఉద్యోగమును గూర్చి తుది నిర్ణయము చేయుట మంచిది గాదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి-మానస్ సేవకు 14416 నంబరున ఫోను చేసి, ఖర్చు లేకుండ, తెలుగులోనే సలహా పొందవచ్చును. ప్రాణము తీసికొనవలెనను తలంపు కలిగినచో ఒక్క గడియయైనను ఆలసింపరాదు.

పై యువకుడు రెండు వారములు ఒక నోటు పుస్తకమున నిద్ర వేళలను, ఏ గంటలో మనస్సు బరువెక్కుచున్నదో దానిని వ్రాసికొనెను. సెలవుపై ఇంటికి వచ్చిన ఐదు దినములును గాఢముగా నిద్రించెను. నియంత్రణ గదికి వెలుపల, యంత్రముల నడుమ తనిఖీ తిరుగు వంతు వచ్చిన దినములలో అతని వ్రాత వేరుగా నుండెను. పని యంతయు గాక, పనిలో ఒక భాగమే తనను తినివేయుచున్నదని అతనికి అప్పుడు తెలిసినది. ఈ సంగతి తెలియక ముందు అతడు ‘ఉండుట, పోవుట’ అను రెండు దారులనే చూచుచుండెను.

పిదప లెక్కలు. సామూహిక బీమా సాధారణముగా ఉద్యోగముతోడనే ముగియును. క్రొత్తగా పాలసీ తీసినచో, ముందే యున్న జబ్బులకు నిరీక్షణ కాలము 36 మాసముల వరకు ఉండవచ్చును. అందుచేత ఉద్యోగము వదలుటకు చాల ముందుగానే, అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారు వీలును గూర్చి వ్రాతమూలముగా అడుగవలెను. ఈ ఒక్క పనిని మరచి పశ్చాత్తాపపడినవారు తక్కువ కాదు. గ్రాట్యుటీ విషయమున, 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి నియతకాల ఉద్యోగికి ఒక సంవత్సరపు సేవ పూర్తియైనచో హక్కు కల్పించినది. భవిష్యనిధిలోని సొమ్మును వెంటనే తీసికొనక క్రొత్త ఉద్యోగమునకు బదిలీ చేసికొనుట మేలు. ఆరు మాసముల ఇంటి ఖర్చు చేతిలో లేనివాడు, ఎంత విసిగినను, ఆ మొత్తము కూడువరకు ఓపిక పట్టుట యుక్తము.

తల్లికి అతడు కాగితములన్నియు చూపెను. “నా మందుల కొఱకు నీవక్కడ కట్టుబడి యుండవలదు నాయనా. అట్లని లెక్క తేలకుండ వచ్చి నా మంచము ప్రక్కన కూర్చుండను వలదు” అని ఆమె యనెను.

మూడేండ్లకు బదులు ఒక సంవత్సరమునకు మాత్రమే పొడిగింపవలసినదనియు, వారమునకు రెండు షిఫ్టులు యంత్రముల తనిఖీలో వేయవలసినదనియు అతడు కంపెనీకి వ్రాసెను. బాయిలరు నిర్వహణ ఇంజనీరు పరీక్షకు చదువుట మొదలిడెను. తనిఖీ షిఫ్టులకు కంపెనీవారు అంగీకరించిరి. గడువును గూర్చి ఇంకను ప్రత్యుత్తరము రాలేదు. బీమా సంస్థకు తల్లి పేరిట వ్రాసిన దరఖాస్తు మాత్రము చేరినట్లు రసీదు వచ్చినది.