వికలాంగ సైనికుడు - స్వతంత్ర వ్యాపారం

సైనికుడనగానే మనకు యుద్ధభూమి స్ఫురిస్తుంది. కాలో చేయో కోల్పోయి ఇల్లు చేరిన పిమ్మట అతడు గడపవలసిన దీర్ఘజీవితం స్ఫురించదు. పింఛను అన్నం పెట్టగలదు. కాని మనిషికి అన్నంతోపాటు చేయదగిన పని, పదిమందిలో చెల్లుబాటయ్యే మాట కూడా అవసరం.

ఈ సమస్య కొత్తది కాదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1917లో, అంగవైకల్యం పొందిన భారతీయ సైనికులకు వృత్తులు నేర్పుటకై బొంబాయిలో క్వీన్ మేరీ పేరిట సాంకేతిక పాఠశాల వెలసింది. తరువాత అది పుణె సమీపంలోని ఖడ్కీకి తరలింది. 1944లో పుణెలో కృత్రిమ అవయవ కేంద్రం ఏర్పడింది. ఒకటి వృత్తి నేర్పింది. మరొకటి నడక నిచ్చింది.

సైనికుడు వర్తకుడగుట మన పాతనగరానికి అపరిచితం కాదు. 'బ్యారక్స్' అనే మాటే జనుల నోట 'బార్కస్' అయింది. నిజాం కొలువులోని అరబ్బు సైనికుల నివాసమది. 1948లో ఆ కొలువు ముగిసింది. నేడు ఆ పేట తన అంగళ్లకూ, జామపండ్లకూ పేరొందింది.

చట్టమూ కొంత చేయూత నిచ్చింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, 40 శాతం గాని అంతకు మించి గాని వైకల్యం ఉన్నవారికి, వ్యాపారాదులకై రాయితీ ధరపై ఇచ్చే స్థలాలలో 5 శాతం కేటాయించింది. 2008లో ఆరంభమైన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం మాజీ సైనికులను, వికలాంగులను, అల్పసంఖ్యాక వర్గాలను ప్రత్యేక వర్గంగా పరిగణించి, స్వంత వాటా 5 శాతంగాను, పట్టణాలలో రాయితీ 25 శాతంగాను నిర్ణయించింది. ఆ లెక్కన నాలుగు లక్షల వ్యాపారానికి స్వంత సొమ్ము 20,000, రాయితీ 1,00,000. మిగిలిన 2,80,000 వడ్డీతో తీర్చవలసిన ఋణమే. ఈ సంగతి మరచి పింఛను సొమ్మంతా అంగడిలో పోయరాదు.

అంతకంటె పెద్ద ప్రమాదం మరొకటున్నది. 1999 కార్గిల్ యుద్ధానంతరం అమరుల కుటుంబాలకు, వికలాంగులైన సైనికులకు పెట్రోలు బంకులు, గ్యాస్ ఏజెన్సీలు కేటాయించారు. ఇట్టి అవకాశం ఏది దక్కినా, "మీకెందుకు శ్రమ? సంతకం చేయండి చాలు" అనే హితైషులు బయలుదేరుతారు. అప్పుడు బోర్డుపై పేరు ఒకరిది, గల్లాపెట్టెపై పెత్తనం మరొకరిది అవుతుంది. లాభం వారికి, బాకీ ఇతనికి మిగులుతుంది.

కనుక యజమాని విడువరానివి మూడు: దినదినపు లెక్క, బ్యాంకు సంతకం, సరుకు కొనుగోలుపై తుదిమాట. తక్కిన పనులు పంచవచ్చు. బరువులెత్తుటకు, బజారు తిరుగుటకు మనుషులు దొరకుతారు. దళనాయకుడు ప్రతి తుపాకినీ తానే పేల్చడు గదా! ఎవరిని ఎక్కడ నిలపాలో తెలిసినవాడే నాయకుడు. ఆ విద్య సైనికునికి ముందే అలవడింది.

విద్యార్థులారా! మన గల్లీలలో అంగడి మెట్లు ఎత్తు, తోవ ఇరుకు. చక్రాల కుర్చీకి చాలినంత వాలుదారి కట్టుటకు పెద్ద ఖర్చు కాదు. కొనువాడు జాలితో ఒకసారి వస్తాడు. సరుకూ తూకమూ సరిగా ఉంటే మళ్ళీ మళ్ళీ వస్తాడు. గాయపడిన సైనికుడు మననుండి కోరేది ఆ రెండవ రాకనే.